‘చేసియున్నాను’ అని ఎవరంటారు? ప్రెజెంట్ పర్ఫెక్ట్ పాఠంలో అసలు చిక్కు

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి చాలామంది తెలుగు విద్యార్థులకు ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఫార్ములా కంఠతా వచ్చేస్తుంది. సబ్జెక్ట్, ఆ పక్కన హావ్ లేదా హాజ్, ఆ పక్కన వర్బ్ మూడో రూపం. ‘గో, వెంట్, గాన్’ అని వరస తప్పకుండా అప్పజెబుతారు కూడా. ఆ పిల్లలే పెద్దవాళ్లై ఉద్యోగం ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు ‘ఐ హావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2022’ అంటారు. ఫార్ములా ప్రకారం చూస్తే ఇందులో తప్పేమీ లేదు. హావ్ ఉంది, మూడో రూపమూ ఉంది. తప్పల్లా చివర్లో సంవత్సరం చెప్పడమే. సంవత్సరం చెప్పదలుచుకుంటే ‘ఐ కంప్లీటెడ్’ అనాలి, ‘ఐ హావ్ కంప్లీటెడ్’ అనదలుచుకుంటే సంవత్సరం ఎత్తకూడదు. ఈ సంగతి ఫార్ములాలో ఎక్కడా లేదు. అందుకే ఫార్ములా ఎంత బాగా వచ్చినా ఈ తప్పు పోదు.

ఇంగ్లిష్ టెన్సులన్నిటిలోకీ నేర్పడానికి కష్టమైనది ఇదేనని టీచర్లు అంటుంటారు. నిజమే. కానీ ఆ కష్టంలో సగం మనం పాఠం చెప్పే పద్ధతిలోంచి వచ్చిందే.

మొదట పన్నెండు టెన్సుల పట్టిక సంగతి. బడి గోడ మీదా, గైడు వెనక అట్ట మీదా, అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లిష్ నోట్సుల్లోనూ కనిపించే పట్టిక అది. ప్రెజెంట్ కింద నాలుగు, పాస్ట్ కింద నాలుగు, ఫ్యూచర్ కింద నాలుగు. చూడటానికి ఎంతో పొందికగా ఉంటుంది. ఆ పొందికే కొంప ముంచుతోంది. పై నుంచి కిందికి చెప్పుకుంటూ వస్తే సింపుల్ పాస్ట్ కంటే ముందే ప్రెజెంట్ పర్ఫెక్ట్ వచ్చిపడుతుంది. నేర్చుకునేవాళ్ల బుర్రలో మాత్రం వరస ఇలా ఉండదు. అమెరికన్ భాషావేత్త కాథ్లీన్ బార్డోవీ-హార్లిగ్ 1990ల్లో వేర్వేరు మాతృభాషల వాళ్లు ఇంగ్లిష్ నేర్చుకుంటూ రాసిన రాతలను చాలాకాలం పాటు గమనించారు. సింపుల్ పాస్ట్ బాగా కుదురుకున్నాకే ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాళ్ల రాతల్లో కనిపించడం మొదలైంది. కాబట్టి ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అంటున్న పిల్లాడికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ చెప్పడం తొందరపాటే. ‘నిన్న’, ‘పోయిన వారం’, ‘ఎప్పుడు’ అన్న మాటలతో సింపుల్ పాస్ట్ నోట్లో నలిగాక మొదలుపెట్టడమే మేలు. పోలిక చూపించాలంటే సింపుల్ పాస్ట్ ముందు చేతిలో ఉండాలి కదా.

ఇక ‘చేసియున్నాను’. ‘ఐ హావ్ ఈటెన్’ అంటే ‘నేను తినియున్నాను’ అని నోట్సుల్లో రాయిస్తారు. అర్జీల్లోనూ దస్తావేజుల్లోనూ తప్ప ఈ రూపం ఎక్కడా వినపడదు. ‘అన్నం తిన్నావా?’ అని పక్కింటావిడ అడిగితే ‘తినియున్నానండీ’ అని ఎవరూ అనరు. ‘తినేశానండీ’ అంటారు, లేదంటే ‘తిన్నానండీ’. ఎవరూ మాట్లాడని తెలుగులోంచి ఇంగ్లిష్ నేర్పితే పిల్లలు ఆ ఇంగ్లిష్‌ను కూడా ఎవరూ మాట్లాడనిదనే అనుకుంటారు. పరీక్ష కోసం దాచుకుని, పరీక్షయ్యాక వదిలేస్తారు.

అసలు సంగతేంటంటే, ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కి తెలుగులో ఒకే ఒక్క రూపం లేదు. అది చేసే పనులను తెలుగు నాలుగైదు చోట్లకు పంచేసింది. ‘బస్సు వెళ్లిపోయింది’ అన్నామంటే ఇప్పుడు స్టాపులో బస్సు లేదని చెప్పడం. ఇంగ్లిష్ దానికి ‘ద బస్ హాజ్ లెఫ్ట్’ అంటుంది. ‘ఎప్పుడైనా సముద్రం చూశావా?’ అన్నది అనుభవం గురించిన ప్రశ్న, దానికి ‘హావ్ యూ ఎవర్ సీన్ ద సీ?’ అంటుంది. ‘మూడేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాం’ అన్నది ఇంకా సాగుతున్న సంగతి. అక్కడా హావే వస్తుంది. ‘ప్రభుత్వం సెలవు ప్రకటించింది’ అన్నది తాజా వార్త, అక్కడా అంతే. ‘ఇంకా రాలేదు’ అన్నచోటా అంతే. ఈ ఐదు తెలుగు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని భూతకాలంలో, ఒకటి వర్తమానంలో, ఒకటి కాలమే కనిపించని ‘లేదు’లో ఉన్నాయి. వీటన్నిటికీ ఒకే అనువాదం ఇవ్వబోవడం వల్లే ‘చేసియున్నాను’ పుట్టుకొచ్చింది. ఇంగ్లిష్ పర్ఫెక్ట్‌ను నాలుగు రకాలుగా విడగొట్టి చూడటం కొత్తేమీ కాదు. 1971లో జేమ్స్ మెకాలీ, 1976లో బెర్నార్డ్ కామ్రీ అనే భాషావేత్తలు ఈ పని చేశారు. వాళ్లు పెట్టిన పేర్లు పిల్లలకు అక్కర్లేదు. టీచరుకు మాత్రం ఆ విభజన తెలిసి ఉండాలి. ఒక్క పీరియడ్‌లో నాలుగూ కలిపి చెబితే ఏమవుతుందో ఊహించవచ్చు.

పాఠాన్ని ఇంకోవైపు నుంచి చెడగొట్టేది ‘ఇప్పుడే పూర్తయిన పనిని ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో చెప్పాలి’ అనే సూత్రం. పిల్లలకు ఇది బాగా ఎక్కుతుంది, ఎందుకంటే సులువుగా ఉంటుంది. టీచరు తలుపు వేసి ‘ఐ హావ్ క్లోజ్డ్ ద డోర్’ అంటారు, సుద్దముక్క కింద పడేసి ‘ఐ హావ్ డ్రాప్డ్ ద చాక్’ అంటారు. చూసిన పిల్లలకు అర్థమయ్యేది ఒక్కటే: ఈమధ్య జరిగితే హావ్, ఎప్పుడో జరిగితే రెండో రూపం. కానీ ‘ఐ ఏట్ టూ మినిట్స్ అగో’ అన్న వాక్యాన్ని చూడండి. రెండే నిమిషాలైంది, అయినా హావ్ రాకూడదు. చంద్రుడి మీద మనిషి చివరిసారి నడిచింది 1972 డిసెంబరులో. యాభై ఏళ్లు దాటిపోయింది. ‘హ్యూమన్స్ హావ్ వాక్డ్ ఆన్ ద మూన్’ అనడంలో ఏ తప్పూ లేదు. పని ఎంత దగ్గర్లో జరిగిందన్నది ఇక్కడ లెక్కలోకే రాదు.

మరి లెక్కలోకి వచ్చేది ఏమిటి? 1947లో హాన్స్ రైహెన్‌బాక్ అనే తత్వవేత్త టెన్సులను విడమరచడానికి మూడు బిందువులు తీసుకున్నాడు. మాట్లాడుతున్న సమయం ఒకటి. పని జరిగిన సమయం ఒకటి. మాట్లాడేవాడు ఏ సమయం మీద నిలబడి ఆ పనిని చూస్తున్నాడన్నది మూడోది. సింపుల్ పాస్ట్‌లో మాట్లాడేవాడి మనసు పని జరిగిన చోటికే వెళ్లిపోతుంది. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో అతను ఇవాళ్టి మీదే నిలబడి వెనక్కి చూస్తాడు. పని గతంలోదే, చూపు మాత్రం ఇప్పటిది. జరిగిపోయిన పనికి ‘ప్రెజెంట్’ అని పేరు ఎందుకు పెట్టారన్న ప్రశ్న తెలివైన పిల్లలు ఎప్పుడూ అడుగుతారు. అడిగినప్పుడు ‘అది అంతే, రాసుకో’ అనకుండా ఈ జవాబు చెప్పవచ్చు. పదిహేనేళ్ల పిల్లలకు ఇది అర్థంకాని విషయమేమీ కాదు.

సింధు ఉదాహరణ తీసుకుంటే ఇంకా తేలికవుతుంది. ‘సింధు హాజ్ వన్ టూ ఒలింపిక్ మెడల్స్.’ పతకాల ఖాతా ఇంకా తెరిచే ఉంది, అందులో ఇప్పటికి రెండున్నాయి. సంవత్సరం అడగగానే వాక్యం మారుతుంది: ‘షీ వన్ సిల్వర్ ఇన్ రియో ఇన్ 2016.’ 2016 మూసేసిన ఖాతా. అందులో ఇక ఏదీ చేరదు, ఏదీ పోదు. టోక్యోలో వచ్చిన కాంస్యమూ అంతే, 2021 అని చెప్పినా ‘ఇన్ టోక్యో’ అని చెప్పినా సింపుల్ పాస్టే. కరణం మల్లీశ్వరి దగ్గరకు వస్తే కథ కొంచెం మారుతుంది. 2000లో సిడ్నీలో ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. పోటీల నుంచి తప్పుకుని చాలా ఏళ్లయింది కాబట్టి ‘మల్లీశ్వరి వన్’ అనడమే సహజంగా ఉంటుంది. ఎన్టీ రామారావు గారి సినిమాల గురించైతే ‘హీ హాజ్ యాక్టెడ్’ అనడానికి వీల్లేదు. 1996తో ఆ లెక్క ముగిసింది. చిరంజీవి గురించి ‘హీ హాజ్ యాక్టెడ్’ అనవచ్చు. సినిమా పిచ్చి ఉన్న క్లాసులో ఈ తేడా మీద పీరియడ్ అంతా గడిచిపోయినా ఆశ్చర్యం లేదు. గడవనివ్వవచ్చు కూడా. హీరోల మీద వాదించుకుంటూ ఆ వయసు పిల్లలు నేర్చుకునేది ఎక్సర్‌సైజు పూరించి నేర్చుకునేదానికంటే ఎక్కువ.

ఎక్కడ మొదలుపెట్టాలి? చాలా పుస్తకాలు ‘జస్ట్’తో మొదలుపెడతాయి. దానివల్లే పైన చెప్పిన ‘ఇప్పుడే’ సూత్రం తలకెక్కుతుంది. తెలుగు పిల్లలకు అంతకంటే మంచి ద్వారం ‘ఇంకా’. ‘రాలేదు’ అంటే నిన్న రాలేదని కావచ్చు, ఇప్పటిదాకా రాలేదని కావచ్చు. తెలుగులో రెండింటికీ అదే మాట. ‘ఇంకా రాలేదు’ అనగానే సందేహం తీరిపోతుంది: ఎదురుచూపు నడుస్తూనే ఉంది, వాడు రావచ్చు. ఈ తేడా ఐదేళ్ల పిల్లలకు కూడా తెలుసు, వాళ్లకు నేర్పక్కర్లేదు. ‘డిడ్ నాట్ కమ్’కీ ‘హాజ్ నాట్ కమ్ యెట్’కీ ఉన్న తేడా సరిగ్గా అదే. కాబట్టి మొదటి పాఠం నెగెటివ్‌తో పెట్టుకోవచ్చు. ‘ఐ హావెంట్ ఫినిష్డ్ మై రికార్డ్ యెట్’, ‘ద రిజల్ట్స్ హావెంట్ కమ్ యెట్’, ‘వుయ్ హావెంట్ హాడ్ లంచ్ యెట్.’ పదో తరగతి పిల్లల జీవితమంతా చేయాల్సినవీ, ఇంకా చేయనివీనే కాబట్టి వాక్యాలకు కొదవుండదు. ఎవరికి వాళ్లు ఈ వారం పనుల చిట్టా రాసుకుని, అయినవాటికి టిక్కు పెట్టుకుని, పక్కవాళ్లకు చెప్పుకుంటే చాలు. ‘ఆల్రెడీ’ కూడా దాని వెంటే వచ్చేస్తుంది. ‘అప్పుడే రాసేశావా?’ అన్న ఆశ్చర్యమే అందులో ఉన్నది.

తలుపు వేసి చూపించే ప్రదర్శనకు బదులు ఇంకొకటుంది. ఒక విద్యార్థిని బయటికి పంపిస్తారు. మిగిలినవాళ్లు గదిలో నాలుగైదు మార్పులు చేస్తారు: డస్టర్ చోటు మారుతుంది, కిటికీ తెరుచుకుంటుంది, బోర్డు మీద తేదీ చెరిగిపోతుంది, ఇద్దరు బెంచీలు మారతారు. ఆ అమ్మాయి తిరిగొచ్చి ఏం మారిందో చెప్పాలి. ‘సమ్‌వన్ హాజ్ ఓపెన్డ్ ద విండో.’ ‘యూ హావ్ రబ్డ్ అవుట్ ద డేట్.’ ఇక్కడ జరుగుతున్నది గమనించదగ్గ విషయం. ఆ అమ్మాయి పని జరగడం చూడలేదు. ఎప్పుడు జరిగిందో, ఎవరు చేశారో ఆమెకు తెలియదు. కళ్లముందున్నది ఫలితం ఒక్కటే. ప్రెజెంట్ పర్ఫెక్ట్ తప్ప ఇంకే రూపమూ అంత చక్కగా అతకని సందర్భం అది. అన్నీ కనిపెట్టాక ‘హూ ఓపెన్డ్ ఇట్?’ అని అడిగితే జవాబు తనంతట తానే సింపుల్ పాస్ట్‌లోకి జారుతుంది: ‘రాజు ఓపెన్డ్ ఇట్.’ ఒకే ఆటలో రెండు టెన్సులూ ఎక్కడివక్కడ పడతాయి.

పిల్లల ధ్యాసంతా పని మీద ఉన్నప్పుడే వ్యాకరణం లోపలికి దిగుతుందన్న నమ్మకంతో ఇంగ్లిష్ బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా దక్షిణాది బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. బెంగళూరు ప్రాజెక్టుగా అది ప్రపంచమంతా పేరు పొందింది. టాస్కుల ద్వారా భాష నేర్పే పద్ధతికి పునాదుల్లో అదొకటి. ఆ ప్రయోగం జరిగినవి మామూలు భారతీయ తరగతి గదులేనన్నది మరిచిపోకూడదు. ‘ఇలాంటి ఆటలు మన బడుల్లో కుదరవండీ’ అనే మాటకు అంత బలం లేదు. అయితే ప్రభు పద్ధతిలో వ్యాకరణ పాఠం విడిగా ఉండదు. బోర్డు పరీక్ష తలమీద ఉన్న పిల్లలకు అంతదూరం పోవడం కష్టం. ఆట ముందు ఆడించి, సూత్రం తర్వాత ఐదు నిమిషాల్లో చెప్పి, బోర్డు మీద ఫార్ములా చివర్లో రాయడం మధ్యేమార్గం.

అనుభవాల పాఠం దగ్గర విదేశీ పుస్తకాలు ఒక తమాషా చేస్తాయి. ‘హావ్ యూ ఎవర్ బీన్ టు ప్యారిస్?’, ‘హావ్ యూ ఎవర్ గాన్ స్కీయింగ్?’ అని అడుగుతాయి. మండల కేంద్రంలోని హైస్కూల్లో క్లాసు క్లాసంతా ‘నో, ఐ హావెంట్’ అంటే సంభాషణ అక్కడే చచ్చిపోతుంది. అవునన్న జవాబు వచ్చే ప్రశ్నలు కావాలి. ఆఖరి బస్సు ఎప్పుడైనా తప్పిపోయిందా? వేరేవాళ్ల యూనిఫాం ఎప్పుడైనా వేసుకొచ్చావా? క్లాసులో నిద్రపోయి దొరికిపోయావా? తిరుపతి నడిచి ఎక్కావా? ఇలాంటివాటికి చేతులు లేస్తాయి. లేచాక రెండో ప్రశ్న పడాలి. అసలు పాఠం ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

‘హావ్ యూ ఎవర్ సీన్ ద సీ?’ ‘యెస్, ఐ హావ్.’ ‘వెన్ డిడ్ యూ సీ ఇట్?’ ‘లాస్ట్ సమ్మర్, ఎట్ సూర్యలంక.’ మొదటి ప్రశ్న జీవితమంతటినీ చూస్తోంది. రెండోది ఒక్క రోజును వేలుపెట్టి చూపిస్తోంది. ఇంగ్లిష్‌లో మామూలు మాటలు చాలా వరకు ఇలాగే నడుస్తాయి: పర్ఫెక్ట్‌తో తలుపు తీసి, పాస్ట్‌తో లోపలికి పోవడం. ‘వెన్’ వచ్చాక హావ్ రాదన్నది కూడా ఇక్కడే అలవాటు కావాలి, ఎందుకంటే మన దగ్గర ‘వెన్ హావ్ యూ కమ్?’ అన్న ప్రశ్న రోజూ వినపడుతుంది. జవాబు దగ్గర ఇంకో జారుడుంది. తెలుగులో ‘చూశావా?’ అంటే ‘చూశాను’ అని క్రియనే తిరిగి చెబుతాం. అదే అలవాటుతో పిల్లలు ‘యెస్, ఐ సా’ అనేస్తారు. ‘ఐ హావ్’ అన్న పొట్టి జవాబు నోటికి పట్టేదాకా జంటలుగా అడిగించాల్సిందే. అరవై మంది క్లాసైనా జంటలుగా అడిగించడానికి అడ్డేమీ లేదు, కాస్త గోల తప్ప.

‘గాన్’, ‘బీన్’ తేడాకు పెద్ద వివరణే అక్కర్లేదు. జగిత్యాలలోనో కోనసీమలోనో క్లాసులో నలుగురైదుగురి నాన్నలు గల్ఫ్‌లో ఉంటారు. ‘మై ఫాదర్ హాజ్ గాన్ టు దుబాయ్’ అంటే అక్కడే ఉన్నాడు. ‘హాజ్ బీన్ టు దుబాయ్’ అంటే వెళ్లొచ్చాడు. తెలుగులో ‘వెళ్లాడు’, ‘వెళ్లొచ్చాడు’ అన్న జంట ఎలాగూ ఉంది.

ఎక్కువ రోజులు పట్టేది మాత్రం ‘నుంచి’ దగ్గర. ‘2021 నుంచి’ అంటాం, ‘మూడేళ్ల నుంచి’ అనీ అంటాం. మొదటిది మొదలైన బిందువు, రెండోది గడిచిన నిడివి. తెలుగుకు ఈ తేడాతో పనిలేదు, రెండింటికీ ఒకే ప్రత్యయం సరిపోతుంది. హిందీలోనూ ఇంతే. ఇంగ్లిష్ మాత్రం బిందువుకు ‘సిన్స్’, నిడివికి ‘ఫర్’ వాడుతుంది. దాంతో ‘సిన్స్ త్రీ ఇయర్స్’ పుడుతుంది. ఈ తప్పు మీద టీచర్లు ఎంత ఎర్రసిరా ఖర్చుపెడతారో చెప్పనక్కర్లేదు. కానీ అసలు తప్పు దాని ముందున్న క్రియలో ఉంది. ‘ఐ యామ్ స్టడీయింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ అన్న వాక్యంలో సిన్స్‌ను ఫర్‌గా మార్చినంత మాత్రాన వాక్యం బాగుపడదు. ‘చదువుతున్నాను’ అన్న వర్తమాన రూపాన్ని పిల్లవాడు ఉన్నదున్నట్టు దించేశాడు. తెలుగులో అది సరైన రూపమే కాబట్టి తప్పు చేస్తున్నానన్న అనుమానమే వాడికి రాదు. అందుకని ఇక్కడ కంటిన్యూయస్‌ను పక్కనపెట్టి స్థితిని చెప్పే క్రియలతో మొదలుపెట్టడం తెలివైన పని: ‘ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ ఫైవ్ ఇయర్స్’, ‘షీ హాజ్ బీన్ ఇల్ సిన్స్ మండే’, ‘వుయ్ హావ్ హాడ్ దిస్ టీవీ సిన్స్ 2018.’ వీటిలో ‘ఇంగ్’ గొడవ ఉండదు. ‘హావ్ బీన్ స్టడీయింగ్’ ఓ నెల ఆగి వచ్చినా నష్టమేమీ లేదు.

టీచర్లు పెద్దగా వాడుకోని పాఠ్యపుస్తకం ఒకటి పిల్లల చేతుల్లోనే ఉంది. బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్ ‘హాజ్ బీన్ డెబిటెడ్’ అంటుంది. ఆన్‌లైన్‌లో కొన్న షూస్ ‘హావ్ బీన్ షిప్డ్’ అవుతాయి. వెబ్‌సైట్ ‘యువర్ సెషన్ హాజ్ ఎక్స్‌పైర్డ్’ అని బయటికి నెట్టేస్తుంది. మ్యాపులో వెళ్తే చివర్లో ‘యూ హావ్ అరైవ్డ్’ అని వినపడుతుంది. అన్నీ ఇప్పుడు పరిస్థితి ఏమిటో చెప్పేవే: డబ్బు పోయింది, బూట్లు దారిలో ఉన్నాయి, మళ్లీ లాగిన్ కావాలి, బండి దిగాలి. అదే వాట్సాప్‌లో మెసేజ్ తీసేస్తే ‘దిస్ మెసేజ్ వాజ్ డిలీటెడ్’ అని సింపుల్ పాస్ట్ కనిపిస్తుంది. ‘హాజ్ బీన్’ అని ఎందుకనలేదని పిల్లలను అడిగితే వాదన మొదలవుతుంది. ‘హాజ్ బీన్’ అన్నా తప్పు కాదు, నిజానికి. చూసే చోటు వేరయితే రూపం వేరవుతుందని తెలియడానికి ఇలాంటి సరిహద్దు ఉదాహరణలే పనికొస్తాయి. ఫోన్లోంచి వారానికి ఐదు వాక్యాలు ఏరి రాసుకురమ్మంటే హోంవర్క్ అన్న విసుగు కూడా ఉండదు.

ఇంగ్లిష్ దినపత్రిక కూడా ఇలాంటిదే. హెడ్డింగ్ సింపుల్ ప్రెజెంట్‌లో ఉంటుంది. మొదటి వాక్యంలో చాలాసార్లు ‘హాజ్ అనౌన్స్డ్’, ‘హావ్ అరెస్టెడ్’ కనిపిస్తాయి. వివరాల్లోకి దిగగానే అంతా పాస్ట్. పిల్లలచేత బడి వార్తలు ఇదే వరసలో రాయించవచ్చు. ‘అవర్ స్కూల్ హాజ్ వన్ ద కబడ్డీ టోర్నమెంట్’ అని మొదలుపెట్టి, ఏ రోజు, ఎవరి మీద, ఎన్ని పాయింట్లతో అన్నది సింపుల్ పాస్ట్‌లో. దీనికి ఎదురు పని ఇంకోటి: 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలయ్యాక సోషల్ పుస్తకం కూడా ఇంగ్లిష్‌లోనే చదువుతున్నారు. అందులోని చరిత్ర పాఠంలో హావ్, హాజ్ ఎన్ని దొరుకుతాయో వెతకమనాలి. చాలా తక్కువ దొరుకుతాయి. ఎందుకో పిల్లలే చెప్పగలరు.

మూడో రూపాల బట్టీ ఎంతవరకు అవసరం? కొంత తప్పదు. కానీ నూట యాభై క్రియల పట్టికను అప్పజెప్పించడం దండగ. ‘బీన్, డన్, గాన్, సీన్, హాడ్, ఈటెన్, రిటెన్, టేకెన్, గివెన్, లాస్ట్, బాట్, మేడ్, మెట్, ఫర్‌గాటెన్’ లాంటివి పాతిక ముప్ఫై వస్తే రోజువారీ మాటలకు సరిపోతుంది. మిగతావన్నీ దాదాపు ‘ఎడ్’తో ముగిసేవే. ‘రీడ్, రెడ్, రెడ్’ లాంటివి కాగితం మీద ఒక్కలాగే ఉండి నోట్లో మారతాయి. వాటిని గట్టిగా చదివిస్తేనే తేలుతుంది.

చెవి సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ‘ఐ హావ్ ఫినిష్డ్’ అని విడివిడిగా పలకరు. ‘ఐవ్ ఫినిష్డ్’ అంటారు. ‘ఫ’ ముందు ఆ ‘వ్’ దాదాపు మాయమైపోతుంది. సినిమాల్లోనూ వీడియోల్లోనూ పిల్లలకు వినపడేది ‘ఐ ఫినిష్డ్’ మాత్రమే. ‘హీజ్ గాన్’ అంటే ‘హీ ఈజ్’ అనుకుంటారు, ‘హీ హాజ్’ అని తోచదు. ఎంత ఇంగ్లిష్ విన్నా ఈ టెన్స్ దానంతటదే రాకపోవడానికి ఇదొక కారణం. ఒకే వాక్యాన్ని రెండు రకాలుగా పలికి ఏది విన్నారో చేయెత్తమనే ఐదు నిమిషాల ఆట అప్పుడప్పుడు పెడితే బాగుంటుంది.

పరీక్షల్లో ఖాళీలు పూరించే ప్రశ్నలు పిల్లలకు ఒక దొడ్డిదారి నేర్పాయి. వాక్యంలో ‘ఎస్టర్‌డే’ ఉంటే రెండో రూపం, ‘ఆల్రెడీ’ ఉంటే హావ్. అర్థం చదవక్కర్లేదు, గుర్తు పట్టుకుంటే మార్కు వస్తుంది. ఆ గుర్తులు లేనిచోట, అంటే మామూలు మాటల్లో, అందరూ దిక్కులు చూస్తారు. కొన్ని గుర్తులైతే రెండువైపులా తిరుగుతాయి. ఉదయం పదింటికి ‘ఐ హావెంట్ సీన్ హర్ దిస్ మార్నింగ్’ అనాలి, ఉదయం ఇంకా అయిపోలేదు. అదే మాట సాయంత్రం చెబితే ‘ఐ డిడ్ నాట్ సీ హర్ దిస్ మార్నింగ్.’ గుర్తు అదే, గడియారం మారింది. టీచరు సొంతంగా పెట్టే యూనిట్ టెస్టులోనైనా ఖాళీకి ముందు ఓ రెండు వాక్యాల సందర్భం ఇవ్వడం న్యాయం. రవి పెన్ను పోయింది, ఇప్పుడు రాయడానికి ఏమీ లేదు: హాజ్ లాస్ట్. రవి పెన్ను పోయింది, మధ్యాహ్నం దొరికింది: లాస్ట్. ఇలాంటి ప్రశ్న దిద్దడానికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది, అంతే.

ప్రెజెంట్ పర్ఫెక్ట్ సరిగా పట్టనివాళ్లు ‘హాడ్’ వైపు కూడా జారిపోతారు. ‘ఐ హాడ్ గాన్ టు హైదరాబాద్ ఎస్టర్‌డే’ అంటే మరింత గతం, మరింత మర్యాద అన్న భ్రమ ఏదో ఉంది. దీన్ని మొగ్గలోనే తుంచాలి. లేకపోతే పెద్దయ్యాక ఈమెయిళ్ల నిండా హాడ్‌లే ఉంటాయి.

తప్పులు దిద్దడంలో అతి పనికిరాదు. మాట్లాడుతున్న టీనేజ్ పిల్లవాడిని నలుగురి ముందు ‘హావ్ ఎక్కడ?’ అని ఆపితే తర్వాతిసారి నోరు తెరవడు. ఆ వయసులో సిగ్గు ముందు ఏ వ్యాకరణమూ నిలబడదు. ‘ఐ లాస్ట్ మై ఐడీ కార్డ్, సర్’ అని కంగారుగా వచ్చినవాడికి ‘ఓ, యూ హావ్ లాస్ట్ ఇట్? వెన్ డిడ్ యూ లాస్ట్ సీ ఇట్?’ అని బదులిస్తే సరైన రూపం వాడి చెవిన పడుతుంది, కార్డు వెతికే పనీ సాగుతుంది. రాతలో మాత్రం నిదానంగా, కచ్చితంగా దిద్దవచ్చు.

అమెరికన్ వాడుకను ఏం చేయాలన్నది మిగిలింది. బ్రిటిష్ పద్ధతిలో ‘హావ్ యూ ఈటెన్ యెట్?’, ‘ఐ హావ్ ఆల్రెడీ ఈటెన్’ అంటారు. అమెరికాలో ‘డిడ్ యూ ఈట్ యెట్?’, ‘ఐ ఆల్రెడీ ఏట్’ మామూలు మాటలే. మన పిల్లలు చూసే సీరీస్‌లూ గేమింగ్ వీడియోలూ ఎక్కువగా అమెరికన్‌వి. ఎవరి అన్నో అక్కో డల్లాస్ నుంచి ఫోన్లో అలాగే మాట్లాడుతుంది. ‘జస్ట్, ఆల్రెడీ, యెట్’ దగ్గర సింపుల్ పాస్ట్ రాసిన పిల్లలకు అది అమెరికన్ వాడుకలో ఉందని, మన బోర్డు పరీక్ష బ్రిటిష్ పద్ధతిని అనుసరిస్తుందని రెండు ముక్కల్లో చెప్పి పంపవచ్చు. సున్నా వేసి తప్పని కొట్టేయడం సరికాదు. ‘ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’ సంగతి వేరు. దాన్ని అమెరికాలో గానీ ఇంగ్లండ్‌లో గానీ ప్రామాణిక ఇంగ్లిష్ ఒప్పుకోదు. ఎర్రసిరా దాచుకోవలసింది దీనికోసం.